600 రూపాయల గాజు గిన్నె లక్ష రూపాయల అక్వేరియం ఎలా అవుతుంది

మీ ప్రశ్న సారాంశం ఇది. మూడేళ్ల క్రితం మీ అబ్బాయి పుట్టినరోజుకు 600 రూపాయలు పెట్టి ఒక గాజు గిన్నె, రెండు గోల్డ్‌ఫిష్ కొన్నారు. గిన్నె పోయి 2 అడుగుల ట్యాంకు వచ్చింది, దాని తరువాత మొక్కలతో 3 అడుగుల ట్యాంకు వచ్చింది, ఇప్పటికి లెక్క లక్ష రూపాయలకు దగ్గరపడింది. మీరు ఉండేది హైదరాబాదులో, బోరు నీళ్ల మీద నడిచే అపార్టుమెంటులో. ఇప్పుడు 4 అడుగుల ట్యాంకు పెట్టి అమెజాన్ ప్రాంతపు డిస్కస్ చేపలు పెంచాలని ఉంది. ఇంత చౌకగా మొదలైన సరదా ఇలా ఎందుకు తడిసి మోపెడయిందని, ఈ నాలుగో మెట్టు ఎక్కవచ్చా అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా చేపలు పెంచుతున్నాను, కొత్తగా మొదలుపెట్టేవారికి ట్యాంకులు అమర్చిపెడుతున్నాను. కనుక కొంచెం వివరంగానే చెబుతాను.

చాలామంది ఖర్చు పెరగడానికి కారణం మన ఆశ అనో, దుకాణదారు మాటకారితనం అనో అనుకుంటారు. రెండింటికీ కొంత పాత్ర ఉన్న మాట నిజమే కాని, అసలు కారణం వస్తువుల మధ్య ఉన్న సంబంధంలో ఉంది. కొన్ని వస్తువులు కొన్న తరువాత తమంతట తాము నిలబడతాయి, మరికొన్ని కొన్న మరుక్షణం నుంచి ఇంకొకదాన్ని అడగడం మొదలుపెడతాయి. గోచీని ఎలుకల నుంచి కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును, ఆవును మేపడానికి మనిషిని తెచ్చుకుని చివరికి సంసారిగా మారిన సన్యాసి కథ మనందరికీ తెలిసిందే, అక్వేరియంలో జరిగేది అక్షరాలా అదే. పైగా ఇక్కడ ఇంకొక ఒత్తిడి కూడా ఉంది. కెమెరా కొన్నవారు కొత్త లెన్సు కొనకుండా ఏడాదిపాటు ఊరుకున్నా పాత లెన్సుకు ఏమీ కాదు. చేపల విషయంలో అలా ఊరుకోవడానికి లేదు, ఎందుకంటే మధ్యలో ఖర్చు ఆపేస్తే ఆ భారం మోసేది ఆ మూగజీవి. అందుకే ఈ హాబీలో ఎక్కడ ఆగాలన్నది చేప ఇంట్లోకి రాకముందే నిర్ణయించుకోవలసిన విషయం.

గాజు గిన్నెతోనే మొదలుపెడదాం, ఎందుకంటే మీ లక్ష రూపాయల లెక్కకు విత్తనం అక్కడే పడింది. చేప మొప్పల ద్వారా అమ్మోనియాను విడుస్తుంది, తినగా మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియాయే వస్తుంది. ఫిల్టరులోని స్పాంజి మీద, గులకరాళ్ల మీద పెరిగే ఒక రకం బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, మరొక రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం, మూడోది కొంత మోతాదు వరకు ప్రమాదం కాదు, దాన్ని వారానికొకసారి నీళ్లు మార్చి తొలగించుకుంటాం. ఈ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి సుమారుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ట్యాంకు సైకిల్ కావడం అని మేము చెప్పుకునేది దీన్నే. గిన్నెలో ఫిల్టరు ఉండదు కనుక ఆ బాక్టీరియాకు చోటు ఉండదు, పట్టే నీళ్లు ఏడెనిమిది లీటర్లకు మించవు కనుక విషం పలచబడే అవకాశమూ ఉండదు. బోరు నీళ్లలో పి.హెచ్. (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దగ్గర ఉండే ఇళ్లలో పరిస్థితి మరింత కష్టం, ఎందుకంటే పి.హెచ్. పెరిగేకొద్దీ అదే అమ్మోనియా మరింత విషపూరితమైన రూపంలోకి మారుతుంది. ఇక గోల్డ్‌ఫిష్ విషయానికి వస్తే, అది సరిగా పెరిగితే జానెడు దాటుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది, మేత బాగా తిని అంతకు తగ్గట్టు నీటిని పాడుచేస్తుంది. అతి చిన్న పాత్రలో పెట్టడానికి మనం ఎంచుకునే చేప నిజానికి అందుకు ఏమాత్రం తగనిది.

గిన్నెలో చేప నీరసించగానే ఏం జరుగుతుందో చూడండి. దుకాణానికి వెళితే నీలం మందు ఇస్తారు, అది మిథిలీన్ బ్లూ. ఫంగస్ వంటి కొన్ని జబ్బులకు అది పనికొస్తుంది, కాని మీ చేపది జబ్బు కాదు, అమ్మోనియా. ఆ మందు నీటిని శుభ్రపరిచే బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది కనుక, ఉన్న కొద్దిపాటి రక్షణా పోతుంది. తరువాత కొత్త చేప, ఆ తరువాత సీసాలో అమ్మే బాక్టీరియా, నీళ్లు తేటపరిచే ఇంకొక సీసా, చివరికి చిన్న ట్యాంకు. నా అంచనాలో మొదటి ఏడాది ఈ సీసాలకు, చనిపోయిన చేపల స్థానంలో తెచ్చిన చేపలకు మీరు పెట్టిన డబ్బుతో మంచి 2 అడుగుల ట్యాంకు, స్పాంజి ఫిల్టరు, ఎయిర్ పంపు మొదటి రోజే వచ్చి ఉండేవి. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకులో దాదాపు 55 లీటర్లు పడతాయి. ఆ మాత్రం నీళ్లుంటే ఒకరోజు మేత ఎక్కువైనా, ఒక వారం నీళ్లు మార్చడం కుదరకపోయినా ట్యాంకు తట్టుకుంటుంది. మరీ చౌకగా మొదలుపెట్టడమే ఈ హాబీని ఖరీదు చేసే మొదటి కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

స్పాంజి ఫిల్టరు గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. రెండు మూడు వందల రూపాయలకు దొరికే ఈ వస్తువును చూసి చాలామంది తక్కువగా అంచనా వేస్తారు, కాని వందల ట్యాంకులు నడిపే పెంపకందారులు ఎక్కువగా ఆధారపడేది దీని మీదే. ఒకే బ్లోయరు నుంచి గొట్టాలు లాగి వరుసగా అన్ని ట్యాంకులకూ గాలి అందిస్తారు. పిల్ల చేపలను లోపలికి లాగదు, పాడయ్యే మోటారు నీళ్లలో ఉండదు, స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండి మళ్లీ పెడితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. దీన్ని కుళాయి కింద కడగకూడదు, క్లోరినుకు బాక్టీరియా చనిపోతుంది.

ఇక మీ రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు వద్దాం. మీ లెక్కలో సింహభాగం అక్కడే ఉంది, దానికి మూలం లైటు. మీరు 3 అడుగుల ట్యాంకుకు శక్తివంతమైన ఎల్.ఇ.డి. లైటు కొన్నానని రాశారు. మొక్క పెరగడానికి వెలుతురు, కార్బన్ డయాక్సైడ్, పోషకాలు మూడూ కావాలి. వెలుతురు తక్కువగా ఉంటే మిగతా రెండింటి అవసరం కూడా తక్కువగానే ఉంటుంది, చేపలు విడిచే వాయువు, చేపల వ్యర్థాలే దాదాపుగా సరిపోతాయి. వెలుతురును రెట్టింపు చేసిన రోజున మొక్క మిగతా రెండింటినీ అదే లెక్కలో అడుగుతుంది, అవి అందకపోతే మొక్క నిలిచిపోయి ఆ వెలుతురును నాచు వాడుకుంటుంది. ఆకుల అంచుల మీద నల్లటి కుచ్చులు, అద్దం మీద పచ్చటి మచ్చలు కనిపించాయని మీరు రాసినది ఈ దశే. నాచు పోవాలని సి.ఓ.2 (కార్బన్ డయాక్సైడ్) సిలిండరు, రెగ్యులేటరు, కరెంటుతో తెరుచుకుని మూసుకునే సోలినాయిడ్ వాల్వు, వాయువును సన్నటి బుడగలుగా మార్చే డిఫ్యూజరు కొన్నారు. వాయువు అందగానే మొక్కలు ఏపుగా పెరిగి నీటిలోని పోషకాలు చాలక ఆకులకు చిల్లులు పడ్డాయి, అప్పుడు ద్రవ ఎరువుల సీసాలు వచ్చాయి. వేళ్లకు బలం కావాలని మామూలు గులకరాళ్లు తీసేసి దిగుమతి అయిన సాయిల్, అంటే పోషకాలున్న మట్టి గుళికలు వేశారు, అది ఏడాది రెండేళ్లలో సారం కోల్పోతుంది కనుక మళ్లీ మార్చవలసి వస్తుంది. పెరిగిన మొక్కలను పది రోజులకొకసారి కత్తిరించాలి కనుక వంపు కత్తెర, పొడవాటి పట్టకారు. ఇందులో ఏ ఒక్కటీ అనవసరంగా కొన్నది కాదు, ప్రతిదానికీ దాని ముందు వస్తువే కారణం. ఆ లైటు కొనకుండా ఆగి ఉంటే మిగతావి ఏవీ వచ్చేవి కావు.

దీనికి విరుగుడు కూడా లైటులోనే ఉంది. మీ లైటుకు డిమ్మరు ఉంటే సగానికి తగ్గించండి, లేకపోతే కొంచెం ఎత్తుకు జరపండి, రోజుకు 6 గంటలకు మించి వెలిగించకండి. అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్, వాలిస్నేరియా వంటి మొక్కలు సి.ఓ.2 లేకుండానే, ఖరీదైన సాయిల్ లేకుండానే, తక్కువ వెలుతురులో నెమ్మదిగా పెరుగుతాయి. వీటిలో వాలిస్నేరియా మన చెరువుల్లో సహజంగా పెరిగేదే. ఎర్ర మొక్కలు, నేలంతా పరుచుకునే తివాచీ మొక్కలు మాత్రం ఈ పద్ధతిలో రావు, ఆ ఆశను వదులుకోవాలి. వదులుకుంటే మొక్కల మీద నెలవారీ ఖర్చు దాదాపు సున్నా అవుతుంది.

ఎరువుల సంగతి మాత్రం మన ప్రాంతంవారు తప్పక తెలుసుకోవాలి. అక్వేరియం దుకాణంలో వందల రూపాయలకు అమ్మే ద్రవ ఎరువు సీసాలో ఎక్కువ భాగం నీళ్లే, కరిగి ఉండేవి కొన్ని గ్రాముల లవణాలు. ఆ లవణాల్లో ముఖ్యమైనవి పొటాషియం నైట్రేటు, మోనో పొటాషియం ఫాస్ఫేటు, పొటాషియం సల్ఫేటు. మన ఊళ్లలో డ్రిప్పు పెట్టిన రైతులకు ఇవి 13-0-45, 0-52-34, 0-0-50 అనే అంకెలుగా బాగా పరిచయం, ఎరువుల దుకాణంలో కిలో ప్యాకెట్లుగా దొరుకుతాయి. 13-0-45 ఒక గ్రాము 60 లీటర్ల నీటిలో కలిపితే నైట్రేటు లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు పెరుగుతుంది. అంటే ఒక కిలో ప్యాకెట్టు అలాంటి వెయ్యి మోతాదులకు వస్తుంది, ఒక ఇంటి అక్వేరియంకు ఏళ్లపాటు సరిపోతుంది. దీంతోపాటు ఇనుము వంటి సూక్ష్మపోషకాలు ఉండే మిశ్రమం కొద్దిగా ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం ముఖ్యం: అదే దుకాణంలో దొరికే 19-19-19 జోలికి వెళ్లకండి, అందులో అమ్మోనియా రూపంలోనూ యూరియా రూపంలోనూ నత్రజని ఉంటుంది, అది చేపలను చంపుతుంది.

మరి ఇంత సులువైన మార్గం ఉండగా జనం ఖరీదైన దారినే ఎందుకు పడతారన్నది న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానం కంటిలో ఉంది. జపానుకు చెందిన తకాషి అమానో అనే ఫొటోగ్రాఫరు నీటి అడుగున అడవిని, కొండను, పచ్చికబయలును తలపించే ట్యాంకులు అమర్చి ఈ హాబీ దిశనే మార్చివేశాడు. లిస్బన్ నగరంలోని ఓషనేరియంలో ఆయన రూపొందించిన ట్యాంకు 40 మీటర్ల పొడవు ఉంటుంది, దానిలో 1,60,000 లీటర్ల నీళ్లు పడతాయి. అది 2015లో ప్రజల ముందుకు వచ్చింది, అదే ఏడాది ఆయన కన్నుమూశాడు. అటువంటి పనిని చూసిన కన్ను మళ్లీ రెండు ప్లాస్టిక్ మొక్కలు, ఒక బుడగల బొమ్మ ఉన్న ట్యాంకుతో తృప్తిపడదు. ఇందులో తప్పు ఏమీ లేదు, అభిరుచి పదునెక్కడం అంటేనే అది. సంగీతం వినేవారికి కొన్నేళ్లకు స్పీకర్లలో తేడా తెలుస్తుంది, ఫౌంటెన్ పెన్నుతో రాసేవారికి కాగితంలో తేడా తెలుస్తుంది. అయితే తేడా తెలిసిన ప్రతిసారీ దానికి డబ్బు చెల్లించాలన్న నియమం లేదు. అమానో పద్ధతిలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకున్నది రాళ్లను, కొయ్యలను అమర్చే తీరు, ఖాళీని వదిలే ధైర్యం. వాటికి సిలిండరు అక్కరలేదు. నీటి పి.హెచ్.ను మార్చని నల్లరాయి, బాగా నానబెట్టి ఉడికించిన ఎండు కొయ్య, గుప్పెడు అనూబియాస్ ఉంటే ఆ అందాన్ని చాలావరకు సాధించవచ్చు. రాయి మీద కొంచెం వెనిగర్ వేసి చూడండి, నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే.

సైజు గురించి మీరు వేసుకున్న లెక్కలో ఒక పొరపాటు ఉంది. 2 అడుగుల ట్యాంకు నుంచి 4 అడుగులకు వెళితే ఖర్చు రెట్టింపు అవుతుందని అనుకున్నారు. పొడవుతోపాటు వెడల్పు, ఎత్తు కూడా అదే నిష్పత్తిలో పెరిగితే నీళ్లు ఎనిమిది రెట్లవుతాయి. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు అంటే దాదాపు 450 లీటర్లు. 2 అడుగుల ట్యాంకుకు 5 లేదా 6 మిల్లీమీటర్ల అద్దం సరిపోతుంది, దీనికి 12 మిల్లీమీటర్ల అద్దం వేస్తారు, ఆ అద్దం బరువే 90 కిలోల దాకా వస్తుంది. నీళ్లు, అద్దం, రాళ్లు, స్టాండు కలిపితే 600 కిలోలు. ఫిల్టరు, హీటరు, మందు, ఉప్పు, నీళ్లు మార్చే శ్రమ, అన్నీ నీటి పరిమాణంతోనే పెరుగుతాయి, పొడవుతో కాదు. బరువు విషయంలో ఇంకొక మాట. నివాస గృహాల గదులను మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వినియోగ భారం అంచనాతో డిజైన్ చేస్తారు. ఈ ట్యాంకు ముప్పావు చదరపు మీటరు చోటులోనే 600 కిలోలు పెడుతుంది. స్లాబు మొత్తం మీద భారం పంచుకుంటుంది కనుక వెంటనే ప్రమాదమని కాదు, కాని బీము ఉన్న గోడను ఆనుకుని పెట్టాలి, పై అంతస్తులో ఉంటే ఒక సివిల్ ఇంజనీరును అడిగి తీరాలి.

నీళ్ల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్ల డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. హైదరాబాదులో చాలా కాలనీల బోరు నీళ్లలో టి.డి.ఎస్., అంటే లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు మిల్లీగ్రాముల్లో, 500 దాటుతుంది, కొన్నిచోట్ల వెయ్యి కూడా దాటుతుంది. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. గప్పీ, మోలీ, ప్లాటీ చేపలకు ఇది వరం వంటిది, గట్టి నీళ్లలో అవి ఆరోగ్యంగా ఉండి ఇష్టంగా పిల్లలు పెడతాయి. ఆఫ్రికాలోని మలావి సరస్సు సిక్లిడ్ చేపలకు కూడా గట్టి నీళ్లే కావాలి, నీలం, పసుపు రంగుల్లో సముద్రపు చేపలకు తీసిపోని అందం వాటిది. కాని మనవారికి అమెజాన్ ప్రాంతపు చేపల మీద మోజు, అవి పుట్టిపెరిగినది దాదాపు లవణాలు లేని మెత్తటి నీళ్లలో. వాటి కోసం ఆర్.ఓ. యూనిట్ కొంటారు. అది ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటకు వదులుతుంది. ఆర్.ఓ. నీళ్లలో ఖనిజాలు ఉండవు కనుక మళ్లీ ఖనిజాల పొడి కొని కలుపుతారు. ఫిల్టర్లు, మెంబ్రేను మార్చుకుంటూ ఉండాలి. నీటికి తగిన చేపను ఎంచుకున్నవారికి ఈ ఖర్చు ఒక్క రూపాయి కూడా ఉండదు. చేపకు తగినట్టు నీటిని మార్చేవారికి ఆ ఖర్చు చేప బతికున్నంత కాలం ఉంటుంది. మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లలో గట్టిదనం సమస్య తక్కువ, అక్కడ చూసుకోవలసింది క్లోరిను. దానికి సోడియం థయోసల్ఫేటు, అంటే మార్కెట్లో హైపో అని అమ్మే స్ఫటికాలు, చిటికెడు చాలు. ఒక రోజంతా బక్కెట్టులో గాలి ఆడిస్తూ ఉంచినా క్లోరిను పోతుంది.

వేడి కూడా ఇలాంటిదే. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లలో ట్యాంకు నీళ్లు 32, 33 డిగ్రీలకు చేరతాయి. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది కనుక చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తాయి. అప్పుడు వేలకు వేలు పోసి నీటిని చల్లబరిచే చిల్లరు యంత్రం కొనేవారున్నారు. నీటి ఉపరితలం మీదుగా గాలి వీచేలా ఒక చిన్న ఫ్యాను పెడితే నీరు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది, తగ్గిన నీళ్లు పోసుకుంటే సరిపోతుంది. విజయవాడ, విశాఖపట్నం వంటి ఉక్కపోత ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కనుక ఇంత ఫలితం ఉండదు, అక్కడ ఎయిర్ పంపు రెండోది పెట్టుకోవడం మేలు. చలికాలం విషయానికి వస్తే గోల్డ్‌ఫిష్, జీబ్రా డేనియో, రోజీ బార్బ్ వంటి చేపలకు హైదరాబాదు ఇళ్లలో హీటరు అవసరమే లేదు. చివరి రెండూ మన దేశపు చేపలే.

పెరిగే చేపల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. దుకాణంలో వేలెడంత వెండిరంగు చేపను షార్క్ పేరుతో నలభై యాభై రూపాయలకు అమ్ముతారు. అది పంగాసియస్, కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో టన్నుల కొద్దీ పెంచి మార్కెట్టుకు పంపే చేపే. మీటరు దాటి పెరగగల చేప అది. దాని కోసం ట్యాంకు పెంచుకుంటూ పోయినవారిని ఎందరినో చూశాను. చివరికి చేతకాక దగ్గరి చెరువులో వదిలేవారూ ఉన్నారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. అక్వేరియంలలో అద్దం శుభ్రం చేస్తుందని తెచ్చిన సక్కర్ చేప ఇప్పుడు మన చెరువుల్లో, వాగుల్లో దెయ్యం చేపగా పేరు తెచ్చుకుని, దాని గట్టి ముళ్లతో జాలర్ల వలలు చింపుతూ, స్థానిక చేపల మేతను, గుడ్లను తినేస్తోంది. మన నలభై రూపాయల సరదా ఖర్చును అక్కడ మత్స్యకారులు భరిస్తున్నారు.

ఇప్పుడు మీ ఖర్చును ఎలా అదుపులోకి తేవాలో చూద్దాం. మీరు పెట్టిన ప్రతి రూపాయినీ రెండు వరుసల్లో రాయండి. ఒక వరుసలో ఒకసారి కొంటే అయిపోయేవి: అద్దం, స్టాండు, రాళ్లు, కొయ్య. రెండో వరుసలో నెల నెలా లేదా ఏడాదికొకసారి తిరిగి వచ్చేవి: కరెంటు, సిలిండరు నింపడం, సాయిల్, ఎరువు, మేత, ఆర్.ఓ. సామగ్రి. మొదటి వరుసలో ఎక్కువ పెట్టినా నష్టం లేదు, మంచి అద్దం పదేళ్లు వస్తుంది, అవసరం తీరాక సగం ధరకు అమ్ముకోవచ్చు కూడా. రెండో వరుసే హాబీని ఖరీదు చేస్తుంది, పైగా ఒక్కొక్కటి చిన్నదిగా ఉండటం వల్ల లెక్కలోకి రాదు. కరెంటునే తీసుకోండి. 15 వాట్ల ఫిల్టరు రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 11 యూనిట్లు, 60 వాట్ల లైటు రోజుకు 8 గంటలు వెలిగితే 14 యూనిట్లకు పైనే. ఇవి పెద్దవిగా కనిపించవు, కాని మీ ఇంటి వాడకం ఇప్పటికే ఒక కరెంటు ధరల స్లాబు అంచున ఉంటే ఈ పాతిక యూనిట్లు మిమ్మల్ని పై స్లాబులోకి తోస్తాయి, అక్కడ యూనిట్ ధర ఎక్కువ.

కొత్త వస్తువు కొనేముందు వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇక్కడి నుంచే వస్తుంది: దీని ధర ఎంత అని కాక, దీన్ని కొంటే రెండో వరుసలో ఏం చేరుతుంది అని. ఈ ప్రశ్న ఫొటోగ్రఫీకీ, సైక్లింగుకూ, మిద్దెతోటకూ కూడా పనికొస్తుంది. మిద్దెతోటవారు కుండీల ధర చూస్తారు కాని వాటిని నింపే మట్టి, కోకోపీట్, ఏటా మార్చవలసిన ఎరువు లెక్క చూడరు. ఇంకొక ఆచరణ యోగ్యమైన మాట: వాడిన ట్యాంకులు, ఫిల్టర్లు, సిలిండర్లు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి, ఎందుకంటే ఈ హాబీని మధ్యలో వదిలేసేవారు ఎక్కువ. ట్యాంకు అయితే కొనేముందు ఇంటి బయట రెండు రోజులు నీళ్లు నింపి కారుతుందేమో చూడండి, సిలిండరు అయితే పరీక్ష తేదీ ముద్ర చూడండి.

చివరిగా డిస్కస్. అది అందమైన చేప అనడంలో సందేహం లేదు, మనిషిని గుర్తుపట్టినట్టు అద్దం దగ్గరకు వచ్చి చూసే ఆ చూపు నాకూ ఎంతో ఇష్టం. కాని మీ ఇంటి పరిస్థితికి ఆ లెక్క ఇలా ఉంటుంది. దానికి 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఏడాది పొడుగునా కావాలి. 450 లీటర్లకు 400 వాట్ల హీటరు చలికాలంలో రోజులో సగం సేపు వెలిగినా నెలకు దాదాపు 145 యూనిట్లు. పెద్ద చేపలకు కూడా వారానికి సగం నీళ్లు మార్చడం మంచిది, పిల్ల చేపలకు ఇంకా తరచుగా మార్చాలి. సగం అంటే 225 లీటర్ల ఆర్.ఓ. నీళ్లు, దాని వెనుక 450 నుంచి 675 లీటర్లు వృథాగా పోయే నీళ్లు. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే అపార్టుమెంటులో ఈ పని మనస్సాక్షికి కష్టమనిపిస్తుంది, ఇరుగుపొరుగుతో మాట కూడా వస్తుంది. ట్యాంకులలో తరతరాలుగా పెంచిన డిస్కస్ కొంత గట్టి నీటికి అలవాటుపడుతుంది కనుక, మీ టి.డి.ఎస్. 300 లోపు ఉండి ఉంటే నేను సరే అనేవాణ్ణి. మీరు రాసినది 850.

కనుక నా సలహా: 4 అడుగుల ట్యాంకు మీద మనసు ఉంటే పెట్టుకోండి, ఎత్తు మాత్రం ఒకటిన్నర అడుగుకు తగ్గించండి, అందులో మలావి సిక్లిడ్లు వేసుకోండి. మీ బోరు నీళ్లు వాటికి సరిపోతాయి, మొక్కలు అక్కరలేదు కనుక లైటు, సి.ఓ.2 గొడవ లేదు, రాళ్ల గుట్టలు తప్ప అలంకరణ అవసరం లేదు. ఒక మగచేపకు మూడు నాలుగు ఆడచేపలు ఉండేలా గుంపుగా తెచ్చుకోండి, కొద్దిపాటి చేపలుంటే ఒకటి మిగతావాటిని తరిమి చంపుతుంది. 3 అడుగుల ట్యాంకులోని సిలిండరు, రెగ్యులేటరు అమ్మేసి ఆ డబ్బును దీనికి వాడుకోండి, పాత ఫిల్టరులోని స్పాంజిని కొత్తదానిలోకి మారిస్తే ఆరు వారాలు ఎదురుచూడవలసిన పని ఉండదు. ఇంత చెప్పినా డిస్కసే కావాలనుకుంటే, ముందు ఆరు నెలల కరెంటు బిల్లులు, ఆర్.ఓ. ధర ముందు పెట్టుకుని రెండో వరుస లెక్క వేసి ఇంట్లో అందరితో మాట్లాడండి. అందరూ ఒప్పుకుంటే ఒకే పెంపకందారు దగ్గర ఒకే సైజువి ఆరింటిని ఒకేసారి కొనండి. ఒకటి రెండు కొని చూద్దాం అనుకుంటే బలమైనది బలహీనమైనదాన్ని మేత తిననివ్వదు, మళ్లీ కొనవలసి వస్తుంది.